పెరటి తోటలో సాలీళ్లు

వానలు వెనుకబడి చలికాలము మొదలగు దినములలో, సికిందరాబాదు కంటోన్మెంటు ప్రాంతమగు తిరుమలగిరిలో, ఏ యింటి పెరటిలోనైనను ఉదయవేళ ఒక వింత కానవచ్చును. మందార కొమ్మకును ప్రహరీగోడకును నడుమ మంచుబిందువులు పొదిగిన సాలెగూడు ఎండపొడకు మెరయుచుండును. పూలు కోయవచ్చినవారు అది ముఖమునకు తగులగనే విసుగుకొని చించివేయుదురు. కొందరు చీపురుతో దులుపుదురు. మరికొందరు పురుగుమందు తెచ్చి చల్లుదురు. ఆ గూటిని అల్లిన ప్రాణి తోటకు చేయుచున్న మేలు ఎరిగినవారు మాత్రము ఆ పనికి పూనుకొనరు.

సాలె యనగా నేతపనివాడు. నేతగానివలె దారము తీయునది గనుక తెలుగువారు దీనికి సాలీడు అని పేరిడిరి. సంస్కృతమున దీనిని లూత యనియు, ఊర్ణనాభి యనియు అందురు. శ్రీకాళహస్తి క్షేత్రము పేరులో శ్రీ యనునది సాలీడు, కాళము పాము, హస్తి ఏనుగు. శివుని సేవించి ముక్తి పొందిన ఈ మూడు జీవుల కథను ధూర్జటి మహాకవి తన కావ్యమున వర్ణించెను. మన పూర్వులు ఇంత చిన్న ప్రాణిని ఏనుగు సరసన నిలిపిరి.

సాలెపురుగు అని వాడుకలో అన్నను ఇది కీటకము కాదు. కీటకములకు ఆరు కాళ్లుండును, సాలీటికి ఎనిమిది. దీనికి రెక్కలు లేవు, మీసములు లేవు. తేలు దీనికి దగ్గరి చుట్టము. 2022వ సంవత్సరమునాటికి ప్రపంచమున గుర్తింపబడిన సాలీటి జాతులు 50,000 దాటినవి.

ఇక దాని నేతపని చూడుడు. సాలీటి కడుపులోని పట్టుగ్రంథులలో దారము ద్రవరూపమున ఉండును. వెనుకభాగముననున్న సన్నని గొట్టములగుండా లాగబడునప్పుడు అది గట్టిపడును. సాలీడు మొదట ఒక పోగును గాలికి విడుచును. ఆ పోగు ఎదుటి కొమ్మకు తగులుకొనగనే అది వంతెన యగును. పిమ్మట నడుమనుండి బండిచక్రపు ఆకులవలె దారములు కట్టును. వానిపై జిగట లేని చుట్లు తాత్కాలికముగా వేసి, వాని ఆధారముతో జిగటదారమును చుట్టుచు, పాత చుట్లను తీసివేయును. కొన్ని జాతులు సాయంకాలము గూడు కట్టి, తెల్లవారునప్పటికి దానిని తామే తినివేయును. ఆ పట్టులోని సారము మరునాటి దారమునకు మరల ఉపయోగపడును.

1973లో అమెరికావారి స్కైలాబ్ అంతరిక్షశాలలో అరబెల్లా, అనీటా అను రెండు సాలీళ్లను ఉంచి, భారము తెలియనిచోట అవి గూడు కట్టగలవా యని పరీక్షించిరి. తొలుత తడబడినను, కొలది దినములలోనే అవి గూళ్లు అల్లినవి. ఈ ప్రయోగమును సూచించినది ఒక పాఠశాల విద్యార్థిని.

సాలీళ్లన్నియు గూడు కట్టి వేటాడునవి కావు. పెరటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క తావు కలదు. కొమ్మల నడుమ గూటి మధ్యమున తలక్రిందుగా నిలిచి, కాళ్లను జతలుగా చాచి, గుణకార చిహ్నమువలె కనబడునది ఆర్జియోపీ. దాని గూటిలో తెల్లని వంకరటింకర పట్టీ ఉండును. అది పురుగులను ఆకర్షించుటకని కొందరు, పక్షులను హెచ్చరించుటకని కొందరు శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. పూవులో పొంచియుండి, వచ్చిన ఈగను పట్టునది పీత సాలీడు. గోడలపై గంతులు వేయు చిన్న సాలీటికి ముందువైపున రెండు పెద్దకన్నులు కలవు. మనము కదలినచో అది తిరిగి మనవైపు చూచును. నేలపై పరుగులు తీయు తోడేలు సాలీడు తన గ్రుడ్ల సంచిని వెంట మోసికొని తిరుగును. పిల్లలు వెలువడిన పిమ్మట వానిని కొన్నాళ్లు వీపున మోయును.

ఇవి తిను పురుగుల పరిమాణము సామాన్యమైనది కాదు. లోకమునందలి సాలీళ్లన్నియు కలసి ఏటేట 40 కోట్లనుండి 80 కోట్ల టన్నుల ఆహారము తినునని 2017లో ప్రకటింపబడిన ఒక అంచనా. ఆ ఆహారములో దోమలును ఉన్నవి. దోమలవలన ఎట్టి కీడు కలుగునో సికిందరాబాదువారికి వేరుగా చెప్పనక్కరలేదు. దోమ దేహములో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది ఈ నగరముననే. అట్లని సాలీడు ఒక్కటియే మలేరియాను మాన్పలేదు. నీరు నిలువకుండ చూచుకొనుట మన పని. సాలీటికి మంచి పురుగు, చెడ్డ పురుగు అను భేదమును లేదు. తేనెటీగయు, సీతాకోకచిలుకయు దాని గూటిలో చిక్కును. ఐనను లెక్కకు మేలే హెచ్చు.

పురుగుమందు చల్లినపుడు ఏమి జరుగును? పేనుబంకతోపాటు సాలీడును చచ్చును. పేనుబంక కొలది దినములలోనే తిరిగి పెరుగును. సాలీడు అంత త్వరగా పెరుగజాలదు. కావలివాడు లేని తోటలో దొంగలు ముందుగా చేరుదురు. వరిపొలములలో ఇదియే పెద్దయెత్తున జరిగినది. మితిమీరి మందులు చల్లినచోట్ల, సుడిదోమను తిను సాలీళ్లు నశించి, ఆ దోమ మునుపటికంటె ఎక్కువై పైరును ఎండగొట్టినది.

చర్మముపై పొక్కులు లేచినచో సాలీడు పాకినదని కొందరు భయపడుదురు. రాత్రివేళ దీపముల కడకు వచ్చు ఒక చిన్న రెక్కలపురుగు నలిగినపుడు కారు రసమువలన అట్టి పొక్కులు తరచుగా కలుగును. తోటలోని సాలీళ్లలో దాదాపు అన్నియు మనకు హాని చేయవు. ఐనను వానిని చేతపట్టరాదు, చూచుటయే చాలును.

ఉపేక్షించినచో ఏమగునో తెలుపు ఉదాహరణము తెలుగునేలపైననే కలదు. నీలివన్నెతో వెలుగు ఒక పెద్ద సాలీటిని పోకాక్ అను శాస్త్రజ్ఞుడు 1899లో వర్ణించెను. అది గుత్తిలో రైల్వే కలప నిలువచేయుచోట దొరకినది. పిమ్మట నూరేండ్లకు పైగా ఎవరికిని కానరాలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో మరల కనబడినది. ఆ అడవి తరుగుటచేతను, పెంచుకొనుటకై వానిని పట్టి అమ్ముటచేతను, ఆ జాతి నేడు అంతరించు ప్రమాదములో ఉన్నది.

తిరుమలగిరి పెరళ్లలోని సాలీళ్లకు అడవి అక్కరలేదు. నాలుగు మొక్కలు చాలును. ఇంటిలోపలి బూజు దులుపుకొనవచ్చును. తోటలోని గూటిని ఉంచవలెను. అది దారికి అడ్డమైనచో, పైపోగును పుల్లతో మెల్లగా ప్రక్క కొమ్మకు చేర్చవచ్చును. పేనుబంక పట్టిన కొమ్మను నీటితో గట్టిగా కడుగవచ్చును. రేపు ఉదయమున సాలెగూడు కనబడినచో, ఒక్క నిమిషము ఆగి, అందులో చిక్కిన పురుగులెన్నియో లెక్కింపుడు. ఆ రాత్రి అది చేసిన పని ఎంతయో తెలియును.