‘నాటు’ పాట ఎలా పుట్టింది?

పిల్లలూ! ఈ పాఠంలో ఒక మాట నేర్చుకుందాం. ఆ మాట మీద ఒక పాట ఎలా కట్టారో కూడా చూద్దాం.

ఆ మాట ‘నాటు’. నాటు కోడి, నాటు ఆవు అని ఇంట్లో పెద్దవాళ్ళు అనగా వినే ఉంటారు. మన ఊళ్ళలో పుట్టి పెరిగిన రకం అన్నమాట. దీనికి ఎదురు మాట ‘సీమ’. బయటి దేశం నుంచి వచ్చిన ఆవుని సీమ ఆవు అంటారు. ‘నాటు’కి ఇంకో అర్థం కూడా ఉంది: మొరటు, నాజూకు లేనిది. అందుకే కొందరు ఈ మాటని చిన్నచూపుతో వాడతారు.

ఇప్పుడు పాట సంగతి. 2022లో రాజమౌళి గారు తీసిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమా విడుదలైంది. అది తెల్లదొరలు మన దేశాన్ని ఏలిన రోజుల కథ. దొరల విందుకి వెళ్ళిన భీమ్‌ని, డ్యాన్స్ రాదని ఒక దొర అందరి ముందూ వెక్కిరిస్తాడు. స్నేహితుడు రామ్ ఊరుకోడు. అక్కడ ఒక పాట కావాలి. అది అవమానానికి జవాబు చెప్పాలి, ఇద్దరు హీరోలూ కలిసి ఆడేలా ఉండాలి.

సంగీత దర్శకుడి పని ఇక్కడే మొదలవుతుంది. తనకి నచ్చిన ట్యూన్ కట్టేస్తే సరిపోదు. దర్శకుడు సందర్భం చెబుతాడు, ఆయన వింటాడు. ఈ పాటకి సంగీత దర్శకుడు ఎం. ఎం. కీరవాణి గారు. ఆయన 1961లో గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరులో పుట్టారు. కీరవాణి అనేది ఒక రాగం పేరు కూడా!

మీరే ఆయన స్థానంలో ఉంటే ఏం చేసేవారు? దొరల వాయిద్యాలతో దొరలకన్నా గొప్పగా వాయించి చూపించేవారా? కీరవాణి గారు అలా చెయ్యలేదు. మన జానపద పాటల్లో తరచుగా వినిపించే ఆరు దెబ్బల నడక తీసుకున్నారు. చేత్తో కొట్టి చూడండి: తకిట తకిట, తకిట తకిట. ‘త’ దగ్గర గట్టిగా కొట్టాలి. కాళ్ళు వాటంతటవే కదులుతాయి, కదూ?

మాటలు రాసింది చంద్రబోస్ గారు. చాలా భాగం ఒక్క పూటలోనే రాసేశాననీ, మిగిలిన కొంచెం పూర్తవడానికి ఏడాది ఏడు నెలలు పట్టిందనీ ఆయన చెప్పారు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. ప్రేమ్ రక్షిత్ గారు స్టెప్పులు కూర్చారు. 2023 మార్చి 12న ఈ పాటకి ఆస్కార్ వచ్చింది. ఒక భారతీయ సినిమాలోని పాట ఆ బహుమతి గెలవడం అదే మొదటిసారి.

రాజమౌళి గారి మొదటి సినిమా ‘స్టూడెంట్ నెంబర్ 1’ 2001లో వచ్చింది. అప్పటి నుంచి ఆయన సినిమాలన్నిటికీ కీరవాణి గారిదే సంగీతం. మన కెనడాలోనూ ఇలాంటి జంట ఉంది. టొరంటోలో పుట్టిన హోవర్డ్ షోర్, అదే ఊరివాడైన దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్‌తో 1979 నుంచి ఎన్నో సినిమాలకి పనిచేశారు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సంగీతం కూడా ఆయనదే. ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తే, ఒకరు సగం చెప్పగానే రెండోవారికి మిగతా సగం అర్థమవుతుంది.

కొందరు ముందు ట్యూన్ కట్టి తర్వాత మాటలు రాయిస్తారు. కె. వి. మహదేవన్ గారు మాత్రం రాసిన మాటలకే ట్యూన్ కట్టడంలో పేరు పొందారు. కె. విశ్వనాథ్ గారి ‘శంకరాభరణం’ సంగీతానికి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. ఆయన మాతృభాష ఏమిటో తెలుసా? తెలుగు కాదు, తమిళం! అయినా తెలుగు మాటని అంత శ్రద్ధగా విన్నారు. కాబట్టి తెలుగు నాకు కష్టం అని ఎప్పుడైనా అనిపిస్తే ఆయన్ని గుర్తు చేసుకోండి. పుట్టిన చోటు ఏదైనా, వినే చెవి ఉంటే భాష మనదవుతుంది.

కొత్త మాటలు
సందర్భం – కథలో పాట వచ్చే చోటు, సమయం
జానపదం – పల్లె జనం పాడుకునే పాట
చిన్నచూపు – తక్కువగా చూడడం
నాజూకు – సుకుమారంగా, సున్నితంగా ఉండడం

అభ్యాసం
1. ‘నాటు’, ‘సీమ’ మాటలతో రెండేసి వాక్యాలు రాయండి.
2. సంగీత దర్శకుడు ట్యూన్ కట్టేముందు ఏం వినాలి?
3. ఇంట్లో ఒకరు దర్శకుడు, మీరు సంగీత దర్శకులు. వాళ్ళు ఒక సందర్భం చెబుతారు: మొదటిసారి మంచు పడిన రోజు, లేదా అమ్మమ్మ ఫ్లైట్ ఎక్కే రోజు. తకిట నడక సరిపోతుందా? ఇంకో నడక కావాలా? ఎందుకో చెప్పండి.
4. మీ పేరు గానీ, మీ లంచ్ బాక్సు గానీ చూసి ఎవరైనా నవ్వారా? దానికి పాటతో జవాబు చెప్పాలంటే అందులో ఏ తెలుగు మాట పెడతారు? నాలుగు వాక్యాలు రాయండి.