కౌంటరు వెనకే మొదలయ్యే పరిశోధన

మిర్చి కోతల కాలంలో జగ్గయ్యపేట, నందిగామల్లో ఏ మందుల షాపు ముందు నిలబడినా ఒక మాట పదేపదే వినబడుతుంది: "ఒళ్లు నొప్పులకు రెండు బిళ్లలివ్వండి." చేతిలో చీటీ ఉండదు. పొద్దుటి నుంచీ నడుం వంచి కాయలు కోసినవాళ్లు. వారానికి ఎన్ని మింగుతున్నారు, బీపీ మందు కూడా వాడుతున్నారా అన్నది డాక్టరు కన్నా ముందు ఫార్మసిస్టుకే తెలిసే వీలుంది. ఈ మెట్టలోనే ఎ.కొండూరు తండాలు ఏళ్లుగా కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్నాయి. దానికి నొప్పి బిళ్లలే మూలమని నేననడం లేదు. అవి శ్రుతి మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయని మాత్రం ఫార్మసీ చదివినవాళ్లందరికీ తెలుసు. ఎవరెంత వాడుతున్నారో లెక్క తీయడానికి మందుల షాపుల్లో పనిచేసే మీకున్నంత వీలు మరొకరికి లేదు.

పరిశోధనంటే హైదరాబాదు ల్యాబు, పీహెచ్‌డీ అనుకుని షాపులో ఉన్న పిల్లలు ఆశ వదులుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. మీ దగ్గర హెచ్1 రిజిస్టరు ఉంది. 2014 మార్చి నుంచి మూడో తరం సెఫలోస్పోరిన్లు, టీబీ మందులు, ట్రమడాల్ వంటివి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం అందులో రాసి 3 ఏళ్లు దాచాలి. తనిఖీ కోసమే అనుకునే ఆ పుస్తకంలో మన ఊరి యాంటీబయాటిక్ అలవాటు కొంతవరకు కనిపిస్తుంది. అమోక్సిసిలిన్ వంటివి అందులోకి రావు కాబట్టి బిల్లులూ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేసిన యాక్సెస్, వాచ్, రిజర్వ్ విభజన ప్రకారం ఏడాది అమ్మకాలను వేరు చేస్తే మంచి అధ్యయనమవుతుంది.

అంతకన్నా చిన్న అడుగూ ఉంది. మందు వాడాక దద్దుర్లు వచ్చాయని ఎవరైనా చెబితే 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఫారం నింపి పంపవచ్చు, 1800-180-3024కు ఫోన్ చేయవచ్చు. ఆ మందే కారణమని రుజువు చేయనక్కర్లేదు, అనుమానం చాలు.

చదువు పెంచుకోవాలంటే డీఫార్మసీ వారికి బీఫార్మసీ రెండో ఏడాదిలో నేరుగా ప్రవేశం ఉంది. బీఫార్మసీ తర్వాత 3 ఏళ్ల ఫార్మ్‌డీ, లేదా జీప్యాట్ రాసి ఎంఫార్మసీ. మన పనికి దగ్గరగా ఉండేది ఫార్మసీ ప్రాక్టీస్. డబ్బు కడితే వారంలో వ్యాసం అచ్చేస్తామనే పత్రికల జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ అచ్చయిన పేరు తర్వాత మీకే అడ్డం వస్తుంది.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని నెల రోజులు రాయండి: చీటీ లేకుండా అడిగిన మందు, ఎన్ని బిళ్లలు, ఎందుకు. పేర్లు వద్దు. ప్రశ్న తేటపడ్డాక షాపు యజమాని అనుమతి అడిగి, విజయవాడ బస్సెక్కి ఫార్మ్‌డీ కళాశాలలో పాఠం చెప్పే మాస్టారిని కలవండి. రోగుల సమాచారం సేకరించకముందే ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి. పని అయ్యాక అడిగితే ఇవ్వరు. ఆ దరఖాస్తు ఎలా రాయాలో ఆయనకు తెలుసు. కోతల కూలీ ఏం అడుగుతుందో మీకు తెలుసు.