మత్తుపదార్థముల నివారణ – పాఠశాలల పాత్ర

పాలకీడు వంటి కృష్ణాతీర మండలములలో మత్తుపదార్థముల ప్రసక్తి వచ్చినపుడు, అది పట్టణముల జాడ్యమే గాని మనది కాదని పెద్దలు తలచుట కద్దు. ఈ ధీమా తగదని మా అభిప్రాయము. పల్లె బాలునికి ముందుగా చేతికందునది గంజాయియే కానక్కరలేదు. బడి ప్రక్క కొట్టులో వ్రేలాడు గుట్కా పొట్లము, సైకిలు పంక్చరులకు వాడు సొల్యూషను, మందు కలిపిన కల్లు – ఇవియు మత్తే. తెలంగాణములో కల్తీకల్లునందు క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలమ్ అను మందులు పలుమారులు పట్టుబడినవి. అట్టి కల్లునకు అలవాటుపడినవానికి అది ఒక్కసారిగా దొరకనిచో చేతులు వణకును, నిద్ర పట్టదు, మూర్ఛలు సైతము రావచ్చును. కావున వానిని గదిలో బంధించి మాన్పింప జూడరాదు, వైద్యునియొద్దకు కొనిపోవలెను.

ఈ మార్పును తల్లిదండ్రులకంటె ముందుగా కనిపెట్టగలవాడు ఉపాధ్యాయుడు. హాజరుపట్టికయే అతని సాధనము. నిన్నటివరకు చక్కగా చదివిన బాలుడు మధ్యాహ్నపు తరగతులకు రాకుండుట, పాత స్నేహితులను విడచుట, తరచు డబ్బడుగుట గమనింపదగినవి. అయితే ఆకలియు, ఇంటి కలహములును ఇట్లే కనుపించును గనుక నింద మోపుటకు ముందు చాటుగా పిలిచి అడుగవలెను. తప్పు తేలినంతనే పేరు కొట్టివేయుట కొన్నిచోట్ల ఆచారము. పేరు కొట్టివేయబడిన బాలుడు పగలంతయు ఎచ్చట గడపును? అమ్మువాని అరుగుమీదనే గదా!

శిక్షింపదగినవాడు ఆ అమ్మువాడు. 2003 నాటి చట్టము విద్యాసంస్థకు 100 గజములలోపల పొగాకు అమ్మకమును నిషేధించినది. ప్రహరీనుండి తాడుతో కొలుచుటకు అరగంటయైన పట్టదు. పిల్లలకు మత్తుపదార్థము నిచ్చువానికి 2015 నాటి బాలల న్యాయచట్టము క్రింద 7 సంవత్సరముల వరకు కఠినశిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు కలవు.

పాఠము చెప్పినంతమాత్రమున మత్తు తగ్గునా యని సందేహించువారు నెల్లూరు జిల్లా దూబగుంటను స్మరింపవలెను. అచ్చట అక్షరాస్యతా తరగతులలో స్త్రీలు చదివిన సారా కథ 1992లో రాష్ట్రమంతట ఉద్యమమై, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకు దారితీసినది. ఆ కథ వారి యిండ్లలోనిదే గనుక మనసున నాటినది. జూన్ 26న పుఱ్ఱెబొమ్మ చూపి భయపెట్టు ఒక్కనాటి ఉపన్యాసమున కట్టి బలము లేదు. తమ యూరి సంగతిని పిల్లలచేతనే చర్చింపజేయు గంట, ఏడాది పొడుగున, పై తరగతులన్నిటికిని ఉండవలెను.

సలహా కోరువారికి 14446 అను జాతీయ సహాయసంఖ్యయు, అమ్మకములను తెలుపుటకు తెలంగాణములో 1908 సంఖ్యయు కలవు. ఈ రెంటిని నల్లబల్ల ప్రక్కన పెద్ద అక్షరములతో వ్రాయింపవలెనని ప్రధానోపాధ్యాయులను కోరుచున్నాము.