క్లబ్‌ఫుట్: గరివిడి పసిపిల్లలకు చికిత్స అందే మార్గం

పుట్టుకతోనే పాదం కిందికి, లోపలికి తిరిగి ఉండే లోపం క్లబ్‌ఫుట్. వాడుకలో దీన్ని వంకర పాదం అంటారు. సుమారు వెయ్యి జననాల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. గ్రహణమే కారణమన్న నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు.

చికిత్స: ప్రామాణిక విధానం పాన్సేటి పద్ధతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు ఇగ్నాసియో పాన్సేటి దీని రూపకర్త. వారానికోసారి పాదాన్ని మెల్లగా సరిచేసి, తొడ దాకా పిండికట్టు వేస్తారు. సాధారణంగా 5-7 కట్లు పడతాయి. చాలామందికి మడమ వెనుక స్నాయువుపై చిన్న కోత అవసరమవుతుంది. ఆపై పాదాన్ని సరైన స్థితిలో నిలిపే పరికరాన్ని (బ్రేస్) మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత 4-5 ఏళ్లు వచ్చేవరకు నిద్రవేళల్లో తొడగాలి. మధ్యలో మానేస్తే వంకర తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

అందుబాటు: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో (ఆర్‌బీఎస్‌కే) క్లబ్‌ఫుట్ ఒక అంశం. 18 ఏళ్లలోపు వారికి పరీక్షలు, చికిత్స ఉచితం. ప్రసవ కేంద్రంలో సిబ్బంది, 6 వారాల వయసు వరకు ఇంటివద్ద ఆశా కార్యకర్త, ఆపై అంగన్‌వాడీల్లో సంచార వైద్య బృందం లోపాన్ని గుర్తించి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపాలి. విజయనగరం జిల్లాలోని గరివిడి వంటి మండలాల్లో కూలి కుటుంబాలకు ప్రతివారం ప్రయాణమే పెద్ద భారం. అందుకే తొలి గుర్తింపుతోపాటు రవాణా సాయం, బ్రేస్ వాడకంపై నిరంతర పర్యవేక్షణ కూడా అంతే ముఖ్యం.

గుర్తుంచుకోండి: పాన్సేటి పుట్టినరోజైన జూన్ 3 ప్రపంచ క్లబ్‌ఫుట్ దినోత్సవం.