రాడార్‌ను కొనవచ్చు - ఆ విద్యను కొనగలమా?

తమ్ముళ్లూ, విశాఖపట్నం విహారయాత్రకు వెళ్లినవారంతా బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని ఎక్కి చూసే ఉంటారు. అక్కడికి దగ్గరలోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది. దాని ముందు నిలబడి ఫోటో దిగి వచ్చేస్తాం గానీ, ఆ యుద్ధంలో మన తీరానికి ఎదురుగానే జరిగిన ఒక సంగతి చాలామందికి తెలియదు.

మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాన్ ఘాజీ అనే జలాంతర్గామిని బంగాళాఖాతంలోకి పంపింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ మాత్రం రాజ్‌పుత్ అనే పాత నౌకను విశాఖ దగ్గర సముద్రంలో తిప్పుతూ, పెద్ద నౌక అక్కడే ఉన్నట్టు జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు మామూలు తంతి కూడా అందులో ఉంది. శత్రువు వినాలనే అదంతా. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల మాట వేరువేరు. కానీ అది విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చిందన్నది మాత్రం నిజం.

రేడియో తరంగాలతో శత్రువును వినడం, మోసగించడం, అతని చూపు చెడగొట్టడం, మన చూపు చెడకుండా కాపాడుకోవడం - ఈ నాలుగూ కలిసినదే ఎలక్ట్రానిక్ యుద్ధం. ఇది అర్థం కావాలంటే ముందు రాడార్ సంగతి తెలియాలి.

బావిలోకి వంగి కేక వేస్తే కాసేపటికి మన కేకే మనకు తిరిగి వినబడుతుంది కదా. రాడార్ చేసేదీ అదే. అయితే కేకకు బదులు రేడియో తరంగాన్ని పంపుతుంది. అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. తరంగం విమానానికి తగిలి తిరిగి రావడానికి సెకనులో పదిలక్షల వంతులు 200 పట్టిందనుకోండి. రానూపోనూ దూరం 60 కిలోమీటర్లు. అంటే విమానం 30 కిలోమీటర్ల దూరంలో ఉందన్నమాట. పదో తరగతి లెక్కే. కానీ తరంగం సూటిగా పోతుంది. మన ఊరి నుంచి చూస్తే చింతపల్లి కొండల వెనక తక్కువ ఎత్తులో వచ్చే విమానాన్ని ఇక్కడి రాడార్ చూడలేదు. రాడార్‌ను ఎక్కడ నిలబెట్టాలన్నదే ఒక పెద్ద విద్య.

ఇంకో చిక్కు ఉంది. దూరం రెట్టింపయితే తిరిగి వచ్చే ప్రతిధ్వని బలం పదహారో వంతుకు పడిపోతుంది. రాడార్‌ను చెడగొట్టడానికి శత్రువు పంపే జామర్ తరంగం ఒకవైపే ప్రయాణిస్తుంది కాబట్టి నాలుగో వంతుకే తగ్గుతుంది. అందుకే చిన్న జామర్ కూడా పెద్ద రాడార్‌ను ముప్పుతిప్పలు పెడుతుంది. 1943లో హాంబర్గ్ మీద బాంబులు వేయడానికి వెళ్లిన బ్రిటిష్ విమానాలు అల్యూమినియం రేకు ముక్కలను కట్టలు కట్టలుగా జారవిడిచాయి. జర్మన్ రాడార్ తెరలు నిండా చుక్కలే. ఏది విమానమో, ఏది రేకో తెలియలేదు. కొన్ని నెలల్లోనే జర్మన్లు దానికి విరుగుడు వెతుక్కున్నారు. అప్పుడు బ్రిటిష్ వారు మళ్లీ కొత్త ఎత్తు వెతకవలసి వచ్చింది. ఈ ఆటకు ముగింపు లేదు.

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో వార్డెన్ గారి బండి శబ్దం మాకు వీధి చివర నుంచే తెలిసిపోయేది. గేటు దగ్గరకు వచ్చేసరికి అందరి చేతుల్లో పుస్తకాలే. ఒకరోజు ఆయన కొత్త బండి కొన్నారు. ఆ సాయంత్రం మొత్తం గది దొరికిపోయింది. ప్రతి రాడార్‌కూ ఇలాగే ఒక గొంతు ఉంటుంది. ఏ పౌనఃపున్యం మీద పంపుతుంది, ఎంత వ్యవధికి ఒక స్పందన వదులుతుంది, ఎంత వేగంగా తిరుగుతుంది అన్నవి చూసి అది ఫలానా నౌకది, ఫలానా క్షిపణిది అని గుర్తుపడతారు. ఏళ్ల తరబడి విని పోగుచేసిన ఆ గొంతుల చిట్టాను ఏ దేశమూ ఇంకో దేశానికి అమ్మదు. అమ్మినా, శత్రువు బండి మార్చిన రోజున అది చిత్తు కాగితమే.

కాబట్టి యంత్రం కొన్నంత మాత్రాన పని కాదు, దాన్ని ఎరిగిన మనుషులు తరతరాలుగా ఉండాలి. మన దేశంలో ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థల పనికి ముఖ్యస్థానం హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోని డీఎల్‌ఆర్‌ఎల్ ప్రయోగశాల. 1960ల మొదట్లో మొదలైంది. 1961 నుంచి 1969 వరకు రక్షణ పరిశోధన సంస్థకు అధిపతి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త ఆయన. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన జె. మంజుల గారు ఇదే ప్రయోగశాలలో పాతికేళ్లకు పైగా పనిచేసి, 2015లో రక్షణ పరిశోధన సంస్థలో డైరెక్టర్ జనరల్ అయిన తొలి మహిళ అయ్యారు. పాతికేళ్లు అన్నమాట గమనించండి. ఈ విద్యకు అంత సమయం పడుతుంది.

మనుషులు పోతే ఏమవుతుందో నాకు ఒక మోటారు నేర్పింది. మా హాస్టల్ బావి మోటారు వేయడం వాచ్‌మన్ తాతకే తెలుసు. ఆయన రిటైరయిన నెలకే నీళ్లు ఆగిపోయాయి. మెకానిక్ వచ్చాడు, ఫుట్‌వాల్వ్ మార్చాడు, చివరికి కొత్త మోటారే తెచ్చారు. అయినా నీళ్లు రాలేదు. వారం రోజులు చెరువుకు నడిచాం. ఆఖరికి తాతను ఊరి నుంచి పిలిపిస్తే, ఒక అతుకు దగ్గర చెవి పెట్టి, “గాలి పీలుస్తోంది బాబూ” అన్నాడు. మట్టి మెత్తి, రెండు బిందెల నీళ్లు పోసి వేస్తే పది నిమిషాల్లో తొట్టి నిండింది. ఆయన ఉన్నన్నాళ్లూ మాలో ఒక్కరమూ పక్కన నిలబడి చూడలేదు.

1999 కార్గిల్ యుద్ధంలో కొండల అవతలి నుంచి పడే ఫిరంగి గుండ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టే రాడార్లు మన సైన్యం దగ్గర లేవు. ఎంతోమంది జవాన్లు ఆ గుండ్లకే బలయ్యారు. కొందామంటే 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు అడ్డు. వాటిని కొనే ఒప్పందం 2002లో గానీ కుదరలేదు. అయితే బెంగళూరు ప్రయోగశాలలో ఆకాశ్ క్షిపణి కోసం రాజేంద్ర అనే రాడార్ చేస్తున్న బృందం ఉంది. పరీక్షల వేళ పక్క మైదానంలో పేల్చిన ఫిరంగి గుండ్లు కూడా తమ తెర మీద కనబడుతున్నాయని వారు గమనించారట. ఆ పనితనం నుంచే స్వాతి రాడార్ పుట్టింది. 2017లో సైన్యానికి లాంఛనంగా అందింది. తర్వాత ఆర్మేనియా కూడా కొన్నది. 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమం మధ్యలో ఆపి ఆ బృందాన్ని చెదరగొట్టి ఉంటే, తెర మీద ఆ గుండ్లను గమనించడానికి ఎవరు ఉండేవారు?

సైన్యం కోసం డీఎల్‌ఆర్‌ఎల్, భారత్ ఎలక్ట్రానిక్స్, ఈసీఐఎల్ కలిసి చేసిన సంయుక్త వ్యవస్థ కూడా ఇలాంటిదే. లారీల మీద కదులుతూ శత్రువు మాటలను, రాడార్లను వినే, అడ్డుకునే ఏర్పాటు అది. మన ప్రాంతం వారికి ఒక ముచ్చట చెప్పాలి. ఈసీఐఎల్‌ను 1967లో నిలబెట్టిన ఎ.ఎస్. రావు గారిది భీమవరం దగ్గరి మోగల్లు. మన కృష్ణదేవిపేటలో సమాధి అయిన అల్లూరి సీతారామరాజు గారి సొంత ఊరూ అదే!

ఆ తరహాలో సైన్యానికి హిమశక్తి అనే కొత్త వ్యవస్థల ఒప్పందం 2023 మార్చిలో భారత్ ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ శాఖకు దక్కింది. విలువ సుమారు 3,000 కోట్లు. సంయుక్త సైన్యంలోకి వచ్చి అప్పటికే దాదాపు ఇరవై ఏళ్లు. అంత ఎడం వస్తే మొదటిదాన్ని చేసిన చేతులు చాలావరకు రిటైరై ఉంటాయి. నాకు భయం కలిగించేది డబ్బు కొరత కన్నా ఈ ఎడమే. నౌకాదళం విషయంలో కొంత నయం. డీఎల్‌ఆర్‌ఎల్ రూపొందించిన శక్తి వ్యవస్థ 2021లో మన విశాఖ పేరు పెట్టుకున్న నౌక మీదే మొదట ఎక్కింది, ఆ తర్వాత మరికొన్నిటికీ ఆర్డరు ఉంది.

ఆ చేతుల పక్కన నిలబడేవారు ఐఐటీల నుంచే రావాలని లేదు. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ ట్రేడు చేసినవారు రక్షణ ప్రయోగశాలల్లో టెక్నీషియన్ పరీక్ష రాయవచ్చు. పాలిసెట్ రాసి ఈసీఈ డిప్లొమా చేసినవారికి, బీఎస్సీ చదివినవారికి సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులు ఉంటాయి. బీటెక్ తర్వాత గేట్ ద్వారా శాస్త్రవేత్తలుగా వెళ్లవచ్చు. మనకు రిజర్వేషనూ ఉంది. ప్రకటనలు ఎప్పుడో ఒకసారి వస్తాయి, నెలలోపు గడువు ముగుస్తుంది. హాస్టల్ నోటీసు బోర్డులో ఒక మూల వీటికోసం ఖాళీగా ఉంచమని వార్డెన్ గారిని అడగండి. పాత విద్యార్థుల్లో అలాంటి ఉద్యోగాల్లో ఉన్నవారు ఎవరైనా ఈ సంచిక చదివితే, వచ్చే వార్షికోత్సవానికి ఒకరోజు ముందే రండి. పిల్లలతో కూర్చుని, మీ చేతి పని ఏమిటో వారి చేత చేయించి చూపండి.