కంప్యూటరు లెక్కలు - సభ్యుల కర్తవ్యము

ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకై కేంద్రప్రభుత్వము 2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. ఆరంభమున 63,000 సంఘములు ఇందు ఉద్దేశింపబడినవి. వీనికి ఒకేవిధమగు సాఫ్టువేరును సమకూర్చు పనిని నాబార్డు వహించినది. ఇట్టి యేర్పాటును ఇ.ఆర్.పి. యందురు. అప్పులు, డిపాజిట్లు, ఎరువుల నిల్వ మున్నగునవన్నియు నిందు ఒక్క లెక్కలో కలిసియుండును. ఒక బస్తా అమ్మినచో నిల్వ తగ్గుటయు, సొమ్ము జమయగుటయు, ఆవర్జాలో పద్దు పడుటయు నొక్క వ్రాతతోనే జరుగును.

యంత్రము వచ్చినంతనే పని ముగిసినదని కొందరు తలచుచున్నారు. అది సరికాదు. అమెరికాలో హెర్షీ యను చాక్లెట్ల కంపెనీ 1999వ సంవత్సరమున నిట్టి యేర్పాటును, 48 నెలల పనిని 30 నెలలకు కుదించి, పండుగ గిరాకీ ముందర ప్రారంభించెను. సరకు గిడ్డంగులలో నుండియు సకాలమున నంగళ్లకు పంపజాలక నష్టపడెను. కావున పంటఋణముల యొత్తిడి కాలమున క్రొత్త మార్పులు పెట్టరాదు.

ఇందు రైతునకు గల లాభనష్టములు స్వల్పములు కావు. కేంద్రప్రభుత్వ పథకము ప్రకారము మూడు లక్షలలోపు పంటఋణమునకు వడ్డీ నూటికి 7; గడువులోపల చెల్లించినవారికి 3 రాయితీ పోగా 4 మాత్రమే. లక్ష రూపాయలు ఏడాది వాడుకొన్నవారికి తేడా 3,000 రూపాయలు. చెల్లించిన సొమ్ము గడువు దాటిన తేదీతో జమపడెనేని ఈ రాయితీకే చిక్కు వచ్చును.

కావున ఈ నియమములను పాటింపవలెను.

మొదటిది: పాత పుస్తకములనుండి యెక్కించిన బాకీని ప్రతి సభ్యుడును తన పాసుబుస్తకముతో సరిచూచుకొనవలెను. తప్పు పద్దు ఎక్కినచో యంత్రము దానిమీదనే వడ్డీ కట్టుచుండును.

రెండవది: ఏనాటి పద్దు ఆనాడే వ్రాయవలెను. పెట్టెలోని రొక్కము యంత్రము చూపు రొక్కముతో సరిపోయిన పిదపనే దినలెక్క మూయవలెను. కరెంటు లేనప్పుడు చేతిరసీదు నిచ్చి, పిమ్మట చెల్లించిన తేదీతోనే యెక్కించవలెను.

మూడవది: పాలకవర్గమువారు నెలకొకసారి గోదాములోని బస్తాలను స్వయముగ లెక్కించి నిల్వతో పోల్చవలెను.

నాలుగవది: పద్దు వ్రాయువా రొకరు, ఆమోదించువారు మరియొకరు కావలెను. ఒకరి పాస్‌వర్డు మరియొకరు వాడరాదు. పని ఇద్దరికైనను నేర్పవలెను. లేనిచో గుమాస్తా సెలవు పెట్టిననాడు సంఘమే సెలవు పెట్టును.

ఐదవది: రెండు లెక్కలును సరిపోవువరకు చేతిచిట్టాను సాగించి, పిదప తనిఖీ యధికారి యనుమతితో మానవలెను. కలకాలము రెండును వ్రాసినచో దేనిని నమ్మవలెనో తెలియదు.

సభ్యులెల్లరును సొమ్ము చెల్లించిన వెంటనే రసీదు నడిగి పుచ్చుకొనుడు. తేదీని, మొత్తమును చూడుడు. తేడా కనిపించినచో నాడే కార్యదర్శికి వ్రాసియిండు. దిద్దుబాటు కాకున్నచో సర్వసభ్య సమావేశమున నడుగుడు. అడుగు సభ్యుడున్నచోటనే లెక్క నిలుచును.