ఆటల కంప్యూటరునకు ప్రాసెసరు నెన్నుకొను విధము

కుందలహళ్ళి పరిసరములలో నివసించు మన కుటుంబములకు ప్రాసెసరు వినని మాట కాదు. ఏ.ఎం.డి. సంస్థ తన రూపకల్పన కేంద్రములలో కెల్ల పెద్దదానిని 2023 నవంబరులో ఈ బెంగళూరుననే ప్రారంభించినది. అయినను, పరీక్షలు ముగియగనే ఆటలాడుకొనుటకు చిన్న కంప్యూటరు కావలెనని పిల్లవాడు పట్టుపట్టినప్పుడు, అంగడివాడు చూపిన పెద్ద అంకెను నమ్మి సొమ్మంతయు ప్రాసెసరుపైననే వెచ్చించు తల్లిదండ్రులు మనలో పెక్కురు కలరు. వారికొరకే యీ పాఠము.

ఆటలో తెరపై కనబడు బొమ్మను గీయునది ప్రాసెసరు కాదు, గ్రాఫిక్స్ భాగము. బంతి యెచట పడవలెను, ప్రత్యర్థి యెటు తిరుగవలెను అను లెక్కలు మాత్రమే ప్రాసెసరు చూచుకొనును. సామాన్యమైన తెరపై సెకనునకు 60 బొమ్మలు వచ్చిన చాలును. అందులకు 6 కోరుల ప్రాసెసరు సరిపోవును. అంతకుమించి పెట్టిన ప్రతి రూపాయియు గ్రాఫిక్స్ కార్డునకు దక్కవలసిన రూపాయియే.

కావున అంగడికి పోవుటకు ముందే తేల్చుకొనవలసినది, వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొందుమా, కొనమా అనునది. కొననిచో, గ్రాఫిక్స్ భాగము తనలోనే బలముగా గల ప్రాసెసరు కావలెను. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి, 2024లో వచ్చిన రైజెన్ 5 8600జి అట్టివి. వీనికి మెమొరీని ఒకే పలకగా గాక రెండు పలకలుగా వేయింపవలెను. లేనిచో బొమ్మల వేగము స్పష్టముగా తగ్గును. కార్డు కొనువారికి ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ వంటిది చౌకయైన మార్గము. అయితే ఇంటెల్ పేర్ల చివరనున్న 'ఎఫ్' అక్షరము, లోపల గ్రాఫిక్స్ లేదనుటకు గుర్తు. కార్డు తరువాత కొనవచ్చునని దానిని తెచ్చినచో, ఇంటికి వచ్చిన పెట్టె తెరపై ఏమియు చూపదు. పేరులోని అంకెలకన్న చివరి యక్షరమునే ముందు చదువుడని మేము చెప్పుట యిందులకే.

ఇక చిన్న పెట్టె సంగతి. మినీ ఐ.టి.ఎక్స్. అను చిన్న మదర్‌బోర్డు 17 సెంటీమీటర్ల చదరము. రెండే మెమొరీ పలకలు పట్టును. అది పెద్ద బోర్డుకన్న చౌక యనుకొనరాదు, సాధారణముగా ప్రియమే. కాని యసలు చిక్కు వేడిమితోనే యున్నది. రైజెన్ 5 7600, 7600ఎక్స్ అను రెంటిని పోల్చి చూడుడు. రెంటికిని 6 కోరులే. గరిష్ఠ వేగము మొదటిదానికి 5.1, రెండవదానికి 5.3 గిగాహెర్ట్‌జులు. ప్రకటిత ఉష్ణ పరిమితి మాత్రము 65 వాట్లు, 105 వాట్లు. వేగములో నూటికి నాలుగు పాళ్ళ లాభమునకై ఇంత వేడిమిని ఇరుకు పెట్టెలో బంధించుట వివేకమా? పైగా 7600తో కంపెనీవారే 5.4 సెంటీమీటర్ల యెత్తుగల ఫ్యాను నిత్తురు. 7600ఎక్స్‌నకు అదియు వేరుగా కొనవలెను, అది మన కేబినెట్టులో పట్టునో లేదో కొలిచి చూచుకొనవలెను.

బెంగళూరు చల్లదనమును చూచి ధైర్యపడరాదు. చిన్న కంప్యూటరు కొనుటయే సంచిలో పెట్టుకొని పోవుటకు గదా! వేసవి సెలవులలో పిల్లవాడు దానిని అమ్మమ్మగారి యింటికి, బెజవాడకో కర్నూలునకో కొనిపోవును. అచట గదిలో 40 డిగ్రీలున్నప్పుడు పెట్టె లోపల అంతకుమించి యుండును. ఈ ప్రాసెసర్లు 95 డిగ్రీలకు చేరగనే తమ్ము తాము కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. అధిక ధర పోసి కొన్న వేగము ఆ విధముగా ఆవిరియగును. ఇప్పటికే 7600ఎక్స్ కొన్నవారు బయాస్‌లో ఎకో మోడ్ పెట్టి 65 వాట్లకు దింపుకొనవచ్చును.

పాత ఏ.ఎం.4 బోర్డా, 2022లో వచ్చిన ఏ.ఎం.5 బోర్డా? సొమ్ము మిక్కిలి తక్కువైనచో మొదటిదే మేలు. నాలుగేండ్ల తరువాత ప్రాసెసరు మాత్రము మార్చుకొనదలచువారికి రెండవది. 5600జి తెచ్చి, పిదప కార్డు చేర్చుదమనువారు ఒకటి గమనింపవలెను: అందులోని ఎల్3 క్యాషే 16 మెగాబైట్లు మాత్రమే, 'జి' లేని 5600లో 32 కలదు. కార్డు తగిలించిన పిదప ఈ తేడా ఆటలో కొంత తెలియును.

ఏ.ఎం.4 బోర్డునకు డి.డి.ఆర్.4, ఏ.ఎం.5నకు డి.డి.ఆర్.5 మెమొరీ కావలెను. ఒకదానిది మరొకదానిలో పట్టదు. మెమొరీ ధరలు 2025 చివరి నెలలలో విపరీతముగా పెరిగినవి. కావున ప్రాసెసరు ధరను విడిగా అడుగక, ప్రాసెసరు, బోర్డు, మెమొరీ మూటికిని కలిపి యెంతయని అడుగుడు. కుందలహళ్ళి స్టేషనులో మెట్రో యెక్కి మెజెస్టిక్‌లో మారి చిక్కపేటలో దిగిన, ఎస్.పి. రోడ్డు దగ్గరే, రెండు మూడు అంగళ్ళలో ఆ మొత్తమును వ్రాయించుకొని, ఇంటికి వచ్చి పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పోల్చి చూచి, మరునాడు కొనుడు.